ముందు ఏం జరిగింది

ఆ పుస్తకానికి నీలం అట్ట. ప్రతి పేజీలో మూడు గడులు గీసి ఉండేవి. మొదటి దాని మీద "ముందు ఏం జరిగింది" అని, రెండో దాని మీద "పిల్ల ఏం చేసింది" అని, మూడో దాని మీద "మనం ఏం చేశాం" అని రాసి ఉండేది. నెల రోజులపాటు ఆ గడులు నింపింది నేనే. అందులో ఒక్క అబద్ధం రాయలేదు. అయినా ఆ పుస్తకం ఒక పసిదానికి ఎదురుసాక్ష్యం చెప్పింది.

అప్పుడు నేను డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. మా ఊళ్ళో బడి అయిపోయాక పట్నం వచ్చి మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మామయ్యది గోనెసంచుల పని. మార్కెట్ యార్డు వెనక రేకుల షెడ్డులో చిరిగిన బస్తాలు గుట్టలుగా పడి ఉండేవి. వాటికి మాసికలు వేసి మళ్ళీ ధాన్యం నింపేందుకు పనికొచ్చేట్టు చేయాలి. దబ్బనం, పురికొస, కింద పరుచుకోవడానికి ఒక పట్టా, అంతే సరంజామా. నాకు పొద్దున కాలేజీ. పన్నెండున్నర నుంచి రెండింటి దాకా షెడ్డు.

గోనెకు ఒక వాసన ఉంటుంది. నార మెత్తబడడానికి మిల్లులో పూసే నూనె, ధాన్యం దుమ్ము, పాత చెమ్మ, అన్నీ కలిసిన వాసన. చొక్కాకు పట్టిందంటే రెండు ఉతుకులకు గాని వదలదు. క్లాసులో నాకు పేరు పడింది కూడా దాన్నిబట్టే. "గోనెసంచి వచ్చాడు, కిటికీ తియ్యండ్రా" అనేవాళ్ళు. నేనేమీ అనేవాణ్ణి కాదు. మా అత్తయ్య అనేది, "వీడికి పుట్టగానే మీ మామయ్య దబ్బనంతో నోటికి నాలుగు కుట్లు వేసుంటాడు" అని.

ఆ ఏడు ప్రతి విద్యార్థీ మూడు నెలలు ఎక్కడో ఒకచోట సేవ చేయాలని కాలేజీలో నియమం పెట్టారు. చేతులెత్తినవాళ్ళు గ్రంథాలయం, రక్తదాన శిబిరం, మొక్కలు నాటడం పంచుకున్నారు. నోరు తెరవనివాడికి మిగిలిందే వాటా. నాకు ఆటిజం ఉన్న పిల్లల కేంద్రం మిగిలింది. సోమ, బుధ, శుక్రవారాలు, రెండున్నర నుంచి ఐదున్నర దాకా.

అది ఒకప్పటి ఇల్లు. నాలుగు గదులు, ముందు చిన్న వసారా, వెనక బట్టలారేసే దండెం కట్టిన పెరడు. పెద్ద గదిలో నేలంతా చాపలు. ఒక మూల ఇసుక తొట్టి. గోడల మీద బొమ్మలు లేవు. ఎక్కువ రంగులుంటే కొందరు పిల్లలకు కళ్ళు చెదురుతాయని తీసేశారట. గడియారం కూడా చప్పుడు చెయ్యని రకం. తొమ్మిది మంది పిల్లలు.

నడిపేది పెద్ద టీచరు. బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చిన మనిషి. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"గట్టిగా మాట్లాడకూడదు."

"నేను మాట్లాడనండి."

"అది కనపడుతూనే ఉంది. ముఖంలో ముఖం పెట్టి చూడకు. చెప్పకుండా ముట్టుకోకు. ఒంటి మీద ఘాటు అనేది ఉండకూడదు. కొందరు పిల్లలకు అది కంట్లో కారం కొట్టినంత పని. ఇదొక్కటి మాత్రం నీకు నువ్వే చూసుకోవాలబ్బాయ్. ఏడేళ్ళ కిందట జ్వరమొచ్చి నా ముక్కు పోయింది. ఇప్పుడిది కళ్ళజోడు ఆనడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

నా చెవులు వేడెక్కాయి. ఆ మాట ఆవిడ వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేదే. నేను మాత్రం నా కోసమే చెప్పారనుకున్నాను. కాలేజీ నుంచి ఎవరో ముందే నా సంగతి చేరవేశారనుకున్నాను. నా ఒంటి మీద ఘాటంటే గోనె నూనె కాక మరేముంది? ఆ సాయంత్రమే పువ్వు బొమ్మ ఉన్న సబ్బు కొన్నాను. పౌడరు డబ్బా కూడా కొన్నాను.

ఆ పిల్లా నేనూ ఒకే వారం అక్కడ చేరాం. ఏడేళ్ళది. మాటలు లేవు. సన్నగా ఉండి, నడిస్తే మడమలు నేలకానేవి కావు. కేంద్రంలోనే ఉండి పిల్లల్ని చూసుకునే ఆయమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఎందుకంటే ఏ వస్తువిచ్చినా అది ఊరికే పుచ్చుకోదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. పెన్సిలు, పళ్ళెం, బంతి, చివరికి తన చెప్పులు కూడా. నచ్చితే ఉంచుకుంటుంది. లేకపోతే పక్కన పెడుతుంది. విసరదు.

"ఇది సరే, ఇది వద్దు, పట్టుకుపోండి! ఎంత దర్జా చూడు నాయనా," అని ఆయమ్మ నవ్వేది.

అది నేనూ చూశాను. "ప్రతిదీ వాసన చూస్తుంది" అని మొదటి పేజీలోనే రాశాను. రాసి ఊరుకున్నాను.

మొదటి సోమవారం ఇసుక తొట్టి దగ్గర దానికి మూడడుగుల దూరంలో కూర్చున్నాను. ముఖంలోకి చూడలేదు. మాట్లాడలేదు. ఇసుకను దోసిట్లోకి తీసుకుని వదులుతున్న పిల్ల చటుక్కున ఆగింది. తల ఎత్తింది. తర్వాత గొంతు చించుకుని అరిచింది. ఎడమ చేతి మణికట్టు నోట్లో పెట్టుకుని కొరికింది. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేసరికి పళ్ళ గాట్లు ఎర్రగా తేలాయి.

పుస్తకం తీసి రాశాను. ముందు ఏం జరిగింది: ఇసుకతో ఆడుతోంది. పిల్ల ఏం చేసింది: అరిచింది, చెయ్యి కొరుక్కుంది. మనం ఏం చేశాం: ఆయమ్మ ఎత్తుకుంది.

పెద్ద టీచరు చదివి, "టెలిగ్రాములా ఉంది. పర్వాలేదు, నిజం రాశావు," అన్నారు.

బుధవారం రెండుసార్లు కొరుక్కుంది. శుక్రవారం మూడుసార్లు. నేను గదిలో కొస దాకా జరిగి కూర్చున్నా అంతే. నాకు ఒకటే అనుమానం. గోనె వాసన ఇంకా పోలేదు. ఎంత రుద్దినా ఒంట్లో ఇంకిపోయింది. తర్వాతి వారం షెడ్డు పక్క కొళాయి కింద రెండుసార్లు సబ్బు రుద్దుకున్నాను. చంకల్లో, మెడ మీద, చొక్కా లోపల పౌడరు కొట్టుకున్నాను. అదీ చాలదనిపించి, క్లాసులో ఒకణ్ణి బతిమాలి సెంటు సీసా తెచ్చుకున్నాను. మణికట్లకు, చెవుల వెనక అద్దుకున్నాను.

మామయ్య దబ్బనం ఆపి చూశాడు. "ఒరే అల్లుడూ, బస్తాకు పౌడరు రాస్తే లోపలి గింజ తెల్లబడుతుందట్రా?"

"ఊరుకోండి. పిల్లాడు ఎవరి కంటనో పడాలనుకుంటున్నాడు," అంది అత్తయ్య. "ఎవర్రా, చెప్పు. మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"పిల్లల దగ్గరికత్తయ్యా."

"పిల్లల దగ్గరికా, పిల్ల దగ్గరికా?"

కేంద్రంలో ఆయమ్మదీ అదే వరస. నేను గేటు తీయగానే, "పెళ్ళికొడుకు వచ్చాడమ్మా, పీట వెయ్యండి," అనేది. తాళం చెవుల గుత్తితో పెద్ద టీచరు లోపలి నుంచి, "ఎందుకే వాణ్ణి ఏడిపిస్తావు? శుభ్రంగా వస్తున్నాడు కదా," అనేవారు. ఆవిడ కళ్ళకు నా చొక్కా ఇస్త్రీ కనపడేది. మిగతాది ఆవిడకు అందే దారి లేదు.

దొరసాని తల్లి సిటీ బస్సులో కండక్టరు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు పిల్లను దింపి, సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళేది. రెండుంపావుకు మార్కెట్ దగ్గరికొచ్చే బస్సు ఆమెదే. నేనూ అందులోనే ఎక్కేవాణ్ణి. టికెట్ల సంచి భుజాన వేసుకుని, ఎంత రద్దీలోనైనా ఒంటి కాలి మీద నిలబడి చిల్లర ఇవ్వగలదు. నేను ఎక్కడికి వెళ్తున్నానో తెలిసిన రోజు నుంచి నన్ను తమ్ముడూ అనేది.

మూడో వారంలో ఒక రోజు బస్సు ఖాళీగా ఉంది. వచ్చి నా ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది.

"నిజం చెప్పు తమ్ముడూ. అక్కడ ఎలా ఉంటోంది?"

"కొరుక్కుంటోందక్కా."

"ఇంట్లో ఇంత లేదు." కాసేపు కిటికీలోంచి చూసింది. "పెద్ద టీచరు నెల గడువు పెట్టారు. మిగతా పిల్లలు దీని అరుపుకు బెదిరిపోతున్నారట. ఒకడు భోజనం మానేశాడట. నెలాఖరుకు తగ్గకపోతే దూరంగా ఎక్కడో రాత్రింబవళ్ళు ఉంచుకునే చోటుందట, అక్కడికి రాసిస్తానన్నారు. నేను పంపను. పంపకపోతే దీన్ని ఎవరు చూస్తారు? ఇంతకుముందు బస్సులోనే నా వెనక సీట్లో కూర్చోబెట్టుకునేదాన్ని. ఎవరో ఫిర్యాదు చేశారు. బస్సో పిల్లో తేల్చుకో అన్నారు డిపోలో."

"ఇంకెవరూ లేరా అక్కా?"

"నేనున్నాను కదా," అంది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఆమె లేచి, "ముందుకు జరగండి, ముందంతా ఖాళీ, మీ సొమ్మేం పోయింది!" అని అరుస్తూ వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను గేటు ముందు నిలబడి సెంటు ఇంకొంచెం అద్దుకున్నాను. నా చేతిలో ఉన్న సాయం అదొక్కటే అనుకున్నాను.

నాలుగో వారం బుధవారం యార్డుకు లారీ వచ్చింది. ఆరువందల సంచులు అప్పటికప్పుడు కావాలన్నారు. కాలేజీ మానేసి పొద్దున ఆరింటి నుంచి కుట్టాం. రెండయినా నా ముందు గుట్ట తరగలేదు. మామయ్య, "పోరా, నీ వేళయింది," అని గెంటేదాకా లేవలేదు. కొళాయిలో నీళ్ళు లేవు. సబ్బూ, పౌడరూ ఇంట్లో ఉండిపోయాయి. అలాగే బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన లేచి నిలబడ్డాడు. ఆ రోజు కండక్టరమ్మను వేరే బస్సుకు వేశారు. బతికిపోయాననుకున్నాను.

కేంద్రంలో గది లోపలికి పోలేదు. గుమ్మం బయట, వసారా అంచున గోడకు ఆనుకుని కూర్చున్నాను. అంత దూరమైతే ఎవరికీ తగలదని నా లెక్క. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని లోపలికి చూస్తున్నాను.

దొరసాని ఇసుక దగ్గర ఉంది. కాసేపటికి చేతులు దులుపుకుని లేచింది. మునివేళ్ళ మీద నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను. ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు అరుస్తుంది అని లోలోపల బిగుసుకుపోయాను.

నా భుజం మీద ఏదో తగిలింది. కాలరుకు అంటుకున్న నార పోగు ఒకటి ఆ పిల్ల రెండు వేళ్ళతో లాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. తర్వాత దాన్ని పక్కన పారెయ్యకుండా తన గౌను జేబులో వేసుకుంది. ఇంకోటి లాగింది. చొక్కా మీద పోగులయ్యాక తలలోవి ఏరింది. అది చేస్తూ ముక్కుతో సన్నగా ఒకే స్వరం తీస్తోంది. ఉడుకుతున్న ఎసరు మూత కింద చేసే చప్పుడంత.

ఆయమ్మ పాల గ్లాసులతో వచ్చి అలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం పుస్తకంలో రాయడానికేమీ లేదు. కొరికినప్పుడు రాసే పుస్తకం అది. ఉత్త పేజీ వదలడం ఎందుకని "ఏమీ జరగలేదు" అని రాసి వచ్చాను.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. మా ఊళ్ళో పిడుగు పడ్డ చెట్టును చూసి ఏ మబ్బులోంచి పడిందో చెప్పగల ముసలాయన ఒకడున్నాడు. నేను అతని ఊరివాణ్ణే అయినా, ఆ రెండు రోజులూ నాకు తట్టింది ఇంతే: ఆ రోజు పిల్ల కుదురుగా ఉండబట్టి సరిపోయింది గాని, మాసిన బట్టలతో వెళ్ళి తప్పు చేశాను. ఘాటు వద్దన్న చోటికి గోనెల కంపుతో వెళ్ళాను. అందుకని శుక్రవారం మూడుసార్లు రుద్దుకున్నాను. సీసాలో మిగిలిన సెంటంతా ఒంపుకున్నాను. ఆ శుక్రవారమే నెలాఖరు.

గేటు చప్పుడుకు దొరసాని వసారాలోకి పరుగెత్తుకొచ్చింది. ఎన్నడూ రాలేదు అలా. మొన్న కూర్చున్న చోటికే చెయ్యి చాపుకుంటూ వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

ముక్కుపుటాలు కదిలాయి. నా కాలరు వైపు చూసింది. మనిషిని పోల్చుకుంది గాని, మనిషి దొరకలేదు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది, నోటి దాకా వెళ్ళింది. ఆ కొరకడం ఇదివరకటి వాటికంటే గట్టిది. నెత్తురు చిమ్మింది.

ఆయమ్మ దాన్ని లోపలికి తీసుకుపోయింది. నేను వసారాలోనే నిలబడ్డాను. నా మణికట్టు నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పిల్ల చేసేట్టు. చాలాసేపు పెట్టుకున్నాను. తల తిరిగింది.

పెరట్లోకి పరుగెత్తాను. చొక్కా విప్పి అవతల పారేశాను. కొళాయి కింద కూర్చుని, మొక్కల మొదట్లో మట్టి తీసి ఒళ్ళంతా రుద్దుకున్నాను. మా ఊళ్ళో నూనె చేతులు అలాగే కడుక్కుంటాం. ఆయమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"ఏమయింది నాయనా? దయ్యం పట్టిందా?"

"నీ కొడుకు చొక్కా ఒకటివ్వు ఆయమ్మా. సబ్బు పెట్టనిది."

ఉత్త నీళ్ళలో జాడించి దండెం మీద ఆరేసినది తీసిచ్చింది. తొడుక్కుంటూ అడిగాను, "నేను రాని రోజుల్లో కూడా ఇలాగే కొరుక్కుంటుందా?"

ఆయమ్మ దండెం మీది గుడ్డ ఒకటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"ఒక్క గాటుండదు నాయనా. నా వెనకాలే పెరట్లో తిరుగుతుంది. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నా. పాపం, అంత ముస్తాబై వస్తావాయె."

మళ్ళీ వసారాలో కూర్చున్నాను, తడి తలతో. దొరసాని చేతికి కట్టు కట్టారు. అరగంటకు వచ్చింది. ముందు దూరం నుంచి చూసింది. తర్వాత చొక్కా చేతిని పట్టుకుని వాసన చూసింది. వెతుక్కుంటున్న పోగులు దొరకలేదు. కాని వెళ్ళిపోలేదు. ఒక చెయ్యి దూరంలో కూర్చుని నేల మీద వేలితో గీతలు గీసింది.

ఐదయింది. ఆరింటికి కండక్టరమ్మ వస్తుంది. పెద్ద టీచరు గదిలో బల్ల మీద నీలం అట్ట పుస్తకం తెరిచి ఉంది. పక్కన ఆవిడ రాసిన ఉత్తరం. ఇంకా మడవలేదు.

"కూర్చో. ఇరవైరెండు సార్లు, నీ లెక్క ప్రకారం. ఇవాళ్టిది కలిపితే ఇరవైమూడు," అన్నారు. "నాకూ చేతులు రావడం లేదు. కాని మిగతా ఎనిమిది మంది సంగతి చూడాలి కదా."

నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదనిపించింది.

"ఆ పుస్తకం సగమే చెప్పిందండి."

"అబద్ధం రాశావా?"

"లేదండి. నేను వచ్చిన రోజుల్లోనే రాశాను. నేను రాని రోజుల్లో ఎవరూ రాయలేదు. నేను రాని రోజుల్లో కొరుక్కోలేదు. ఆయమ్మనడగండి."

ఆవిడ కళ్ళజోడు తీశారు.

"మాది గోనెసంచులు కుట్టే పనండి," అన్నాను. అది ఎవరికైనా నా నోటితో చెప్పడం అదే మొదలు. "ఒళ్ళంతా ఆ నూనె వాసనే. ఘాటు ఉండకూడదన్నారు మీరు. అది పోవాలని సబ్బు, పౌడరు, సెంటు రాసుకుని వచ్చాను. నెల రోజులు. ఎంత కొరుక్కుంటే అంత ఎక్కువ రాసుకున్నాను. బుధవారం తీరిక లేక గోనెల దగ్గర్నించి అలాగే వచ్చేశాను. ఆ రోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఇవాళ మళ్ళీ రాసుకొచ్చాను. కంచే చేను మేసిందండి."

బయట ఒక పిల్లవాడు బంతిని గోడకు కొడుతున్నాడు. పన్నెండుసార్లు కొట్టాడు.

"నెల రోజుల్లో ఒక్కసారైనా నీ గురించి రాయాలని తోచలేదా? ముందు ఏం జరిగిందంటే నువ్వు వచ్చావు. జరిగిందదే కదా."

"నా గురించి రాయమనలేదు కదండీ."

"అనలేదు," అన్నారు ఆవిడ. "ముక్కు లేనిదాన్ని, నోటితోనైనా అడగాల్సింది. నీకు ముక్కుండీ లేదు, దానికి నోరుండీ లేదు." కేకేశారు. "ఆయమ్మా! ఇలా రా. పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు అన్నావే, ఆ మాటకు అర్థం ఇదని నాకు చెప్పొద్దూ?"

"ఊరికే సరదాకన్నాను. ఈ వయసులో కుర్రాళ్ళు రాసుకుంటారు కదమ్మా," అంది ఆయమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పెద్ద టీచరు ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టారు. చింపలేదు.

"ఇల్లలకగానే పండగ కాదు. ఇదొక్కటే కారణమో, ఇంకేమున్నాయో నాకు తెలియదు. ఇంకో నెల చూద్దాం. ఈసారి ఆరు రోజులూ రాయాలి. నువ్వు లేని రోజు ఆయమ్మ చెప్తుంది, నేను రాస్తాను."

"నేను రావచ్చాండీ?"

"రాకపోతే ఎలా తెలుస్తుంది? కాని ఒకటి. తల్లికి నేను చెప్పను. నువ్వే చెప్పు."

ఆరింటికి కండక్టరమ్మ వచ్చింది, టికెట్ల సంచి ఇంకా భుజానే ఉంది. పిల్ల చేతికి కట్టు చూసి చెప్పులు విప్పడం మరిచిపోయింది. పెద్ద టీచరు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. ఉత్తరం కోసం చెయ్యి చాపింది.

నేను చెప్పాను. ఇందాక చెప్పిందే, ఇంకా తక్కువ మాటల్లో. తల ఎత్తలేదు. ఆమె బూట్లలాంటి చెప్పులు, వాటి మీద దుమ్ము, ఒక పట్టీకి వేసిన వేరే రంగు కుట్టు కనపడుతున్నాయి.

"నీ సెంటుకా," అంది. "నా పిల్ల చెయ్యి కొరుక్కుంది నీ సెంటుకా?"

"అవునక్కా."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడింది.

"పోయినేడు సబ్బు మార్చాను. రెండు రోజులు నా దగ్గరికి రాలేదు, గోడ మూల కూర్చుంది. పాత సబ్బే మళ్ళీ తెచ్చుకున్నాను. నాకు తెలుసు. తెలిసీ, రోజూ టికెట్ కొట్టేటప్పుడు నీ దగ్గర ఆ సెంటు గుప్పుమంటుంటే, ఆహా కుర్రాడు ఎంత శుభ్రంగా వెళ్తున్నాడు నా పిల్ల దగ్గరికి అనుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "మంచి బట్టల వాణ్ణి చూస్తే ఎవరికైనా అంతే."

దొరసాని వచ్చి తల్లి మోకాళ్ళ మధ్య నిలబడింది. గౌను జేబులోంచి ఏదో తీసింది. బుధవారం నాటి నార పోగులు, ఉండలా చుట్టుకుపోయి ఉన్నాయి. తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

కండక్టరమ్మ వాసన చూసింది. ముఖం చిట్లించింది. అంతలోనే నవ్వొచ్చేసింది ఆమెకు, ఏడుపులోనే.

"ఇదా నీకు నచ్చింది? ఇంత కంపా?" నా వైపు తిరిగింది. "సోమవారం ఎలా వస్తావు?"

"గోనెలు కుట్టి, నేరుగా వస్తానక్కా."

"నా బస్సే ఎక్కు. ఎవడన్నా ముక్కు మూసుకుంటే మధ్యలో దింపేస్తాను."

ఆ శనివారం మామయ్యకు సంగతంతా చెప్పాను. ఆయన వింటూ ఒక సంచి పూర్తిగా కుట్టి, పురికొస పళ్ళతో తెంపాడు. తర్వాత గుట్టలోంచి ఒక పాత బస్తా లాగి, రెండుసార్లు గట్టిగా దులిపి నా మీదికి విసిరాడు.

"పట్టుకుపో. ఆ పిల్లను మాసికల పోగులు విప్పుకోనీ. నేను కుట్టిన సంచి విప్పడానికి ఒకరు పుట్టారన్నమాట. మీ అత్తయ్య ఒక్కతే అనుకున్నా."

"నేనేం విప్పానండీ?" అని అత్తయ్య లోపల్నించి అందుకుంది.

సోమవారం బస్సులో ఒకాయన చేతిరుమాలు తీసి ముక్కుకు పెట్టుకోబోయాడు. కండక్టరమ్మ ఆయన ముందు నిలబడి, "జలుబా అండీ?" అంది. ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

దొరసాని ఆ బస్తాను మూడు గంటలు విప్పింది. మాసిక ఎక్కడ మొదలయిందో వేలితో తడిమి పట్టుకుని, ఒక్కో పోగూ లాగి, వాసన చూసి, పొడుగు ప్రకారం పక్కపక్కన పరిచింది. నాలుగింటికి వీధిలో ఏదో బండి పెద్దగా హారను కొట్టింది. అప్పుడు ఒకసారి అరిచి చెయ్యి నోటి దాకా తీసుకెళ్ళింది. కొరికింది కూడా, కాని మెల్లగా. నేను కదల్లేదు. బస్తా కొస దాని ఒళ్ళోకి కొంచెం జరిపాను. చెయ్యి దించి మళ్ళీ పోగు పట్టుకుంది.

వెళ్ళే ముందు నీలం అట్ట పుస్తకం తీశాను. మొదటి గడిలో ఏం రాయాలో ఈసారి తెలుసు. అయినా కలం పట్టుకుని కాసేపు కూర్చున్నాను. నన్ను గురించి నేను రాసుకోవడం నాకు కొత్త.

ముందు ఏం జరిగింది: నేను వచ్చాను. గోనెలు కుట్టి, కాళ్ళూ చేతులూ ఉత్త నీళ్ళతో కడుక్కుని వచ్చాను. బండి హారను కొట్టింది.

పిల్ల ఏం చేసింది: ఒకసారి కొరుక్కుంది. మానుకుంది.

మనం ఏం చేశాం: పక్కన కూర్చున్నాం.